గోరా రాములుకు తప్పిన పెండ్లి

బాన్సువాడ బస్టాండు ఎదురుసందులో ఉన్న ఫొటో స్టూడియో బోర్డు మీద ఒక దేవుడి పేరుంది. ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించరు. గోరా స్టూడియో అంటే పాలు పోసే పిల్ల కూడా చెయ్యెత్తి చూపిస్తుంది. దానికి కారణం యజమాని. వెంకట్రాములు పుట్టుకతో తెల్లవాడు. పచ్చటి ఛాయ అని కాదు. జుట్టు, కనుబొమలు, రెప్పల వెంట్రుకలు సమస్తం జనపనార రంగు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. పగటి వెలుతురులో కళ్ళు నిలవవు, అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి.

తండ్రి ఆశన్నకు కాలువ కింద వరి, చెరుకు ఉన్నాయి. సేద్యం చేసే ఇంట్లో ఎండ పడని కొడుకు పుడితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు కానీ, ఎందుకు పుట్టాడో చెప్పడానికి మాత్రం ఊరంతా సిద్ధంగా ఉంటుంది. పూర్వజన్మలో వెన్న దొంగిలించాడని ఒక పంతులు తేల్చాడు. ఎవరింట్లో, ఎంత, అన్న వివరాలు ఇవ్వలేదు. ఇంట్లో చలామణీ అయిన కారణం వేరు. వాడు కడుపులో ఉండగా తల్లి పోసవ్వ చంద్రగ్రహణం నాడు బయటికొచ్చి చంద్రుణ్ణి చూసిందట. తాడు తెంపుకున్న బర్రెను కట్టెయ్యడానికి వచ్చానని ఆమె ఎంత మొత్తుకున్నా బర్రె సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. కాలువ నీళ్ళు ఆలస్యమైనా, ఎద్దు కుంటినా ఆశన్న నోట ఒకటే మాట: "గ్రహణం జూసినదాని ఇల్లు, గిట్లగాక ఎట్లుంటది?"

ఆశన్న ఆమెకు భర్తే కాదు, సొంత మేనమామ కూడా. చిన్నప్పుడు మామా అని పిలిచిన మనిషిని పెళ్ళయ్యాకా మామా అనే పిలిచింది. ఆ మామ పెట్టిన నిందను జుట్టు నెరిసేదాకా మోసింది.

1969లో ఆందోళనకు బళ్ళూ కాలేజీలూ మూతపడ్డప్పుడు వెంకట్రాములు చదువుకు దండం పెట్టి, మద్నూర్ మీదుగా పోయే లారీ ఎక్కి నాందేడ్‌లో దిగాడు. ఒక మరాఠీ ఆయన స్టూడియోలో పనికి కుదిరాడు. అక్కడి చీకటి గదిలో అడుగుపెట్టిన రోజున, ఎవరో తన కొలతలు తీసుకుని ఈ గది కట్టించారనిపించింది అతనికి. ఎర్ర బల్బు వెలుతురులో మిగతావాళ్ళు గోడలు తడుముకుంటుంటే అతను తల్లి వంటింట్లో తిరిగినట్టు తిరిగాడు. కళ్ళు కూడా కుదురుగా నిలిచాయి. దూరం ఆనదు కాబట్టి, కెమెరాకూ కుర్చీకీ మధ్య ముడులేసిన దారం పట్టి, ముడిని బట్టి ఫోకస్ పెట్టడం నేర్చుకున్నాడు. నెగటివ్‌ను ముక్కుకు ఆనించుకుని సన్న పెన్సిల్‌తో పెళ్ళికూతుళ్ళ మొటిమలు మాయం చేసే పనిలో ఆ వీధిలో అతన్ని మించినవాడు లేకపోయాడు. కొన్నేళ్ళకు ఆ చేతిపని పట్టుకుని తిరిగొచ్చి, బాన్సువాడలో సొంత కొట్టు తెరిచాడు.

కొట్టు నడిచింది. అతని బాధ అదికాదు.

అతని బాధ పెళ్ళి. సంబంధాలవాళ్ళు వచ్చేవారు, చాయ్ తాగేవారు, గడియారం చూసుకునేవారు. బస్సు వేళ అయిందనేవారు. కొన్నాళ్ళకు ఆ రాకపోకలు కూడా ఆగాయి. నిజం చెప్పాలంటే అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తనలాంటి బిడ్డ పుడితే అన్న భయం అతనికి వాళ్ళందరికంటే ఎక్కువ. తను బతికేశాడు. కానీ ఎండాకాలం బడికి నడిచిన దారి, వెనకాల పిల్లలు "గోరా గోరా" అంటూ చేసిన ఊరేగింపు అతనికి గుర్తున్నాయి. ఆ దారిన మళ్ళీ తన వేలు పట్టుకుని ఇంకొకరు నడవడం అతనికిష్టం లేదు.

1978లో అక్క గంగవ్వ పెద్ద కొడప్‌గల్ నుంచి దిగింది. ఆమె కూతురు మంజులత అమ్మమ్మ ఇంట్లో ఉండి బాన్సువాడ జూనియర్ కాలేజీలో ఇంటర్ చదువుతోంది. గంగవ్వ చెప్పులు విడిచీ విడవకముందే విషయం చెప్పింది.

"తమ్మీ, ఇగ ఎవరి కోసం ఎదురుచూసుడు లేదు. నా బిడ్డను చేసుకో."

"ఏంది అక్కా, నేను ఎత్తుకోని తిప్పిన పిల్ల."

"మరి నాయిన ఎత్తుకోని తిప్పలేదా అవ్వను? బయటి పిల్లను తెస్తె, రేపు ఆమెకు తెల్లపిల్ల పుడితె, ఆమె తల్లిగారోళ్ళు మన గడప మీద కూసుంటరు. నా బిడ్డయితె ఎవరడుగుతరు? నేనే గద. మనింటి ముచ్చట మనింట్లనే ఉంటది."

ఆ ఇంట్లో తరతరాలుగా నడిచిన లెక్క ఇదే. ఆశన్న మేనత్త ఒకామె ఇలాగే తెల్లగా పుట్టిందట. అప్పట్నుంచీ ఆ సంగతి పరాయివాళ్ళ చెవిన పడకూడదని పిల్లలకు అటూ ఇటూ మేనరికాలే చేస్తూ వచ్చారు. పరువు కాపాడుకునే పద్ధతుల్లో ఇంతకంటే ఖర్చు తక్కువది లేదు. అది ఏం చేసిందో వెంకట్రాములు అద్దంలో రోజూ చూస్తున్నాడు. చూస్తున్నట్టు మాత్రం తెలియదు.

ఆలోచించుకుంటానని అక్కను ఆపాడు.

ఆ వారంలోనే కాలేజీలో జీవశాస్త్రం చెప్పే సాంబమూర్తి స్టూడియోకి వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. ఈయన ఒక్కడే మడి వదిలి పాఠం పట్టుకున్నాడు. చంకలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది.

"రాములూ, ఈ బొమ్మను గోడకు తగిలించేంత పెద్దది చేసిపెట్టాలయ్యా. బోర్డు మీద నేను గీస్తే పిల్లలు జడ అనుకుంటున్నారు."

వెంకట్రాములు బొమ్మను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మెలితిప్పిన తాళ్ళ నిచ్చెన. మెట్టు మెట్టుకూ రెండేసి ఇంగ్లీషు అక్షరాలు.

"ఏంది సార్ గిది?"

"డి.ఎన్.ఏ. నీ ఒంట్లో, నా ఒంట్లో, ఆ బయట మేకలో కూడా ఉంటుంది. మనిషిని ఎలా తయారుచెయ్యాలో అంతా అందులో రాసి ఉంటుంది. రాతకు అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. ఏ ఎదుట ఎప్పుడూ టీ, జీ ఎదుట ఎప్పుడూ సీ. ఇటు పోగు తెలిస్తే అటు పోగు చూడకుండానే చెప్పొచ్చు."

"నెగటివ్ చూసి ప్రింటు ఎట్లుంటదో చెప్పినట్టు."

సాంబమూర్తి ఆగి అతన్ని చూశాడు. "అదే. ఈ మాట నాకు తట్టలేదే! ఇంకా విను. ఈ నిచ్చెన కణం నడిమి గది దాటి బయటికి రాదు. దానిలో కావలసిన ముక్కకు నకలు తీసి బయటికి పంపిస్తారు. ఆ నకలు పేరు ఆర్.ఎన్.ఏ. అది ఒంటిపోగు. అందులో టీకి బదులు యూ అని ఇంకో అక్షరం ఉంటుంది. బయట దాన్ని చదివి ప్రోటీన్లు కడతారు. మనిషి పనంతా నడిపేది ఆ ప్రోటీన్లే. జుట్టుకు నల్లరంగు తయారయ్యేది కూడా వాటిలో ఒకదాని వల్లనే."

చివరి మాట అన్నాక ఎదుట ఎవరున్నారో గుర్తొచ్చి సాంబమూర్తి దగ్గాడు. వెంకట్రాములు నవ్వాడు. "జెప్పుండ్రి సార్, ఫికర్ లేదు. నెగటివ్ డబ్బాల ఉంటది, ప్రింటే గిరాకీ చేతికి పోతది. నా డబ్బాల ఆ ముక్క ఖరాబైంది. గంతే గద?"

"అంతేనయ్యా," అన్నాడు సాంబమూర్తి. బస్సు హారను వినబడి హడావిడిగా వెళ్ళిపోయాడు. కాసేపు కూర్చుంటే అందరికీ బాగుండేది.

మధ్యాహ్నం మంజులత సద్ది పట్టుకుని వచ్చింది. ఆరబెట్టిన నిచ్చెన బొమ్మ చిన్న ఫొటో చూసి, "అయ్యో, ఇది ఈడికి గూడ వచ్చిందా! మా సార్ మమ్ములను దీంతోనే సతాయిస్తుండు" అంది.

"ఇందుల రెండు పోగులెందుకే?"

"ఒకటి అమ్మది, ఒకటి నాయినది మామా," అంది మంజులత తడుముకోకుండా. ఆ క్లాసులో సగం మంది అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నారు. రెండు పోగులు, ఇద్దరు తల్లిదండ్రులు. ఇంత అందంగా కుదిరిన లెక్క తప్పని ఎవరనుకుంటారు?

వెంకట్రాములు తలుపేసుకుని, ఎర్ర బల్బు కింద ఆ బొమ్మ పెద్ద ప్రింటు కడుగుతూ ఆలోచించాడు. ఒక పోగు తనది. అందులో రంగు తయారుచేసే చోట అక్షరం చెడింది. ఎదుటి పోగు బిడ్డ తల్లిది. కానీ ఎదుటి అక్షరం దీనికి జతగానే ఉండాలి; సారే చెప్పాడు. అంటే తల్లి ఎంత మంచి పోగు తెచ్చినా, తన చెడ్డ అక్షరం పక్కన నిలబడగానే అదీ దాని ప్రకారం చెడవలసిందే. కాబట్టి తల్లి ఎవరైనా ఒకటే. పుట్టే బిడ్డలందరూ తెల్లవాళ్ళే.

లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. ఎత్తుకున్న మొదటి అంకే తప్పు.

ఏ పిల్లను చేసుకున్నా తెల్లబిడ్డే అయినప్పుడు, పరాయి ఇంటి పిల్లను ఏడిపించడమెందుకు? అక్క చెప్పిందే నయం. ఇంట్లో ముచ్చట ఇంట్లో ఉంటుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, "సరే అక్కా, నీ ఇష్టం" అన్నాడు. గంగవ్వ కళ్ళు తుడుచుకుంది. పోసవ్వ దేవుడి పటానికి దండం పెట్టింది. మంజులత చేతిలో పుస్తకం మూసి లోపలికి వెళ్ళింది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. మరునాడు సద్ది తేవడానికి ఆమె రాలేదు.

ఆ ఇంట్లో అందరూ ఒకరి కోసం ఒకరు త్యాగం చేస్తున్నారు. త్యాగాల వల్ల ఒరిగే అనర్థం మీద మన పురాణాల్లో ఒక్క అధ్యాయమూ లేకపోవడం పెద్ద లోటు.

ఫొటో తీసుకోవడానికి సాంబమూర్తి వచ్చినప్పుడు వెంకట్రాములు దాన్ని గుండ్రంగా చుట్టి ఇచ్చాడు. చెయ్యి చాపలేదు, పైకం మాట ఎత్తలేదు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"మీ నిచ్చెన ఎక్కి కిందపడ్డ సార్." అని మొదలుపెట్టాడు. మొత్తం చెప్పాడు: తన పోగు, ఎదుటి పోగు, చెడ్డ అక్షరానికి చెడ్డ జత, ఎవరిని చేసుకున్నా ఒకటే.

సాంబమూర్తి ఫొటో చుట్టను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "ఒకటి అమ్మది, ఒకటి నాన్నది అని ఎవరు చెప్పారు నీకు?"

"మీ కాడ సదువుకునే పిల్లనే."

"నా ఖర్మ. ఆ రెండు పోగులూ కలిపి ఒకే ప్రతి అయ్యా. నువ్వన్నట్టు ఒకటి నెగటివ్, ఒకటి ప్రింటు. తల్లి దగ్గర్నుంచి వచ్చేది పూర్తి నిచ్చెన. తండ్రి దగ్గర్నుంచి ఇంకో పూర్తి నిచ్చెన. రెండూ వేరువేరు. ఒకదాని చెడు ఇంకోదానికి అంటదు." అతని మొహంలో ఇంకా మబ్బు విడలేదని చూసి, "పెళ్ళిలో దంపతులను కూర్చోబెట్టి ఒకే ఫొటో తీస్తావా?" అని అడిగాడు.

"ఒకటి తీస్తె నా కొట్టు ఎప్పుడో మూతబడేది. ఫ్లాష్ పడంగనే కండ్లు మూసుకునుడు మనోళ్ళకు అలవాటు. రెండు తీస్త."

"ఒకదాంట్లో కళ్ళు మూసుకుంటే?"

"రెండోదాంట్లకెల్లి ప్రింటు కొడ్త."

"పెళ్ళివారికి తెలుస్తుందా, ఒకటి చెడిందని?"

"ఎట్ల తెలుస్తది సార్, చేతికొచ్చిన ఫొటో మంచిగనే..." వెంకట్రాములు అక్కడ ఆగిపోయాడు. కళ్ళు మామూలుగా కదులుతున్నాయి కానీ మనిషి కదలలేదు.

"నీకు రెండూ చెడ్డవే వచ్చాయి," అన్నాడు సాంబమూర్తి మెల్లగా. "అందుకని నీ ఒంట్లో రంగు ప్రింటు కాలేదు. నీ బిడ్డకు నువ్విచ్చేది చెడ్డదే; నీ దగ్గర మంచిది లేదు. కానీ తల్లి మంచిదొకటి ఇస్తే చాలు. దాంట్లోంచి నకలు తీసుకుని బిడ్డ నల్లటి జుట్టుతో పుడుతుంది."

"తల్లి కాడ ఉంటదా మంచిది?"

"పరాయివాళ్ళలో దాదాపు అందరి దగ్గరా రెండూ మంచివే ఉంటాయి. ఎక్కడో ఒకరిద్దరి దగ్గర ఉండవచ్చు చెడ్డది, ఒట్టేసి చెప్పలేను. నీ తల్లిదండ్రులు చుట్టాలా?"

"అవ్వకు నాయిన సొంత మేనమామ."

"ఇంకేం! వెనకటి పెద్దవాళ్ళెవరి దగ్గరో ఉన్న ఒక్క చెడ్డ ప్రతి రెండు దారుల్లో నడిచొచ్చి నీ దగ్గర కలుసుకుంది. మీ అమ్మానాన్నలిద్దరికీ పక్కన మంచిదొకటి ఉంది కనుక వాళ్ళ జుట్టు నల్లగా ఉంది. నీకు చెరొక చెడ్డదీ ఇచ్చారు. ఇప్పుడు వచ్చిన సంబంధం ఎవరు?"

"మా అక్క బిడ్డ."

సాంబమూర్తి తల పట్టుకున్నాడు. "అదే ప్రతి ఆ పిల్ల దగ్గర ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ ఉండే అవకాశం బయటివాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంట్లో చేసుకుని దాచిపెడదామనుకుంటున్నారు మీవాళ్ళు. దాచిపెట్టడం కాదయ్యా అది, వెతికి వెతికి జత కలపడం."

ఫొటో చుట్ట అందుకుంటూ, "నేనూ మేనమామ కూతురినే చేసుకున్నాలే. ఈ పాఠం వచ్చినప్పుడు కొంచెం తొందరగా చెప్పేస్తుంటాను" అన్నాడు.

ఆ రోజు వెంకట్రాములు మిట్టమధ్యాహ్నం కొట్టు మూసి, తువ్వాలు తలమీద కప్పుకుని, ఎండలో ఇంటికి నడిచాడు. అలా నడవడం ఊరు ఎన్నడూ చూడలేదు.

"అక్కా, నేను మంజులను చేసుకోను."

గంగవ్వ చేట కింద పెట్టింది. "ఏమైందిరా? మొన్న సరే అంటివి. నా బిడ్డ నీకు తక్కువైందా?"

అతను చెప్పాడు. నిచ్చెనలూ అక్షరాలూ వదిలేసి రెండు ఫొటోల కథ ఒక్కటే చెప్పాడు. ఇక్కడ శాస్త్రం గెలిచింది, అజ్ఞానం తలవంచింది అని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా ఏమీ జరగలేదు. గంగవ్వకు ఫొటోల కథ ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోయింది. ఆమెకు అందిన మాట ఒక్కటే: ఈ పెళ్ళి చెయ్యక్కర్లేదు. ఒక నిమిషం తమ్ముణ్ణి కోపంగా చూసి, గోడకు జారగిలబడింది.

"ముగ్గురిని కన్న. మంత్రసాని చేతిలకెల్లి పిల్లను అందుకోని, ఫస్టు జుట్టే చూసుకున్నరా. ప్రతిసారి. నా బిడ్డకు గూడ అదే గతి రాసి పెడుతున్ననా అని నాకు నిద్రలేదు. నువ్వు ఒంటిగ ఉండిపోతవని, తమ్మునికి అక్క చెయ్యకపోతె ఎవరు చేస్తరని..." మిగతాది కొంగులో పోయింది.

తలుపు వెనక నిలబడి వింటున్న మంజులత బయటికొచ్చింది. "తెల్లగ పుడితె ఏంది మామా, నువ్వు బతుకుతలేవా?" అంది, న్యాయంగా. అంతలోనే ఆగలేక, "అయితె నేను డిగ్రీకి నిజామాబాదు పోవచ్చునా?" అని అడిగింది.

"పోవచ్చు. జర మెల్లగ సంతోషపడవే, నాకు సిగ్గయితుంది," అన్నాడు వెంకట్రాములు. "గా రెండు పోగుల ముచ్చట మాత్రం మళ్ళ చదువు. నిన్ను నమ్ముకుని మునిగిపోతుంటి."

పోసవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. రెండు ఫొటోల కథ ఆ ఇంట్లో శ్రద్ధగా విన్నది ఆమె ఒక్కతే.

"కొడుకా, మళ్ళ జెప్పు. నేనొక్కదాన్నే చెడ్డది ఇస్తె నువ్వు గిట్ల పుట్టకపోదువా?"

"పుట్టకపోదును అవ్వా. నువ్వొకటి ఇచ్చినవ్, నాయిన ఒకటి ఇచ్చిండు. ఇద్దరియి కలిస్తెనే."

"సందమామతోటి?"

"ఏం సంబంధం లేదు."

పోసవ్వ నెమ్మదిగా మంచం వైపు తిరిగింది. ఆశన్న అక్కడ బీడీ వెలిగిస్తూ, ఏమీ వినబడనట్టు కూర్చున్నాడు.

"ఇన్నవా మామా? సగం నీదట."

"గా ఫొటోలు తీసేటోని మాటలకేం?" అన్నాడు ఆశన్న.

"కాలేజీ సార్ జెప్పిండు. సగం నీది. మీ మేనత్త తెల్లగుండె గద, ఆమె తల్లి ఏ గ్రహణం జూసిందో నాకు తెల్వదు. ఇన్నేండ్లు బర్రె కోసం పోయిన్నని నేను మొత్తుకుంటె, ఒక్కనాడన్న ఇన్నవా?" ఆమె గొంతులో ఏడుపు వస్తుందనుకున్నారు పిల్లలు. వచ్చింది నవ్వు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆశన్న బీడీ ఆర్పి, చెరుకు చూసొస్తానని లేచాడు. మధ్యాహ్నం ఎండలో చెరుకులో చూసేదేమీ లేదు. ఆమె వాకిట్లోకి వెళ్ళి ప్రక్కింటావిడను కేకేసి పిలిచింది. సాయంత్రానికి ఆ వాడలో ఆ సగం సంగతి తెలియనివాళ్ళు లేకపోయారు.

మంజులత నిజామాబాదు వెళ్ళింది. 1981లో మద్నూర్ లారీ డ్రైవరొకడు లైసెన్సు ఫొటోకు వచ్చి, దువ్వెన కోసం వెతుక్కుంటుంటే వెంట వచ్చిన చెల్లెలు శాంతాబాయి గల్లా వెనకున్న మనిషిని తేరిపార చూసి, "ఈయన ఇంట్ల రాత్రి దీపం ఖర్చు ఉండదు" అంది అన్నతో, మరాఠీలో. నాందేడ్‌లో పనిచేసినవాడికి ఆ భాష వస్తుందని ఆమెకు తెలియదు. అతను మరాఠీలోనే జవాబిచ్చాడు. సంబంధం అక్కడ మొదలైంది. పెళ్ళికి ముందు అతను ఏమీ దాచలేదు. రెండు ఫొటోల కథ ఆమెకు చెప్పాడు, సారు ఒట్టేసి చెప్పలేనన్న ముక్కతో సహా. ఆమె విని, "మా ఇంట్ల అందరు బొగ్గు లెక్కనే ఉంటరు, నీ ఫికర్ నువ్వు పడు" అంది.

అతను పడ్డాడు. శాంతాబాయికి నొప్పులొచ్చి దవాఖానలో చేర్చిన రోజున, వరండాలో బెంచీ మీద కూర్చుని, ఎక్కడో ఒకరిద్దరి దగ్గర ఉండవచ్చన్న మాటనే నమిలాడు. పోసవ్వ పక్కన కూర్చుని దేవుళ్ళ పేర్లు చదువుతోంది. అతనికి ఏ పేరూ గుర్తురాలేదు. లోపల బిడ్డ ఏడుపు వినిపించింది. చాలాసేపటికి ఆయా తలుపు తీసుకుని వచ్చింది.

"జుట్టెట్లున్నది?" అన్నాడు లేచి నిలబడి.

ఆయా అతని తలవైపు చూసింది, అర్థమైనట్టు నవ్వింది. "నల్లగున్నదయ్యా. తల నిండ ఉన్నది. దువ్వెన పట్టుకరా."

వెంకట్రాములు బెంచీ మీద కూలబడి, తువ్వాలుతో మొహం కప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. తలుపు మూసుకున్నాక చాలాసేపటికి, పుట్టింది ఆడపిల్లో మగపిల్లవాడో అడగలేదని తోచి, మళ్ళీ లేచి తలుపు తట్టాడు.